తీగ పలుకునకు బలము: విద్యుద్గిటారునకు పికప్పు నెంచుకొను విధము



గడచిన వార్షికోత్సవమునాడు మన పాఠశాలా ప్రాంగణమున జరిగిన యొక చిన్న సంగతితో నీ పాఠము నారంభించుచున్నాను. పదవ తరగతి విద్యార్థి యొకడు గిటారు చేతబట్టి వేదిక నెక్కెను. అతని వెనుక రెండు డప్పులు, ప్రక్కన హార్మోనియము. పాట మొదలైనది. డప్పు వినబడెను, హార్మోనియము వినబడెను, గిటారు మాత్రము వినబడలేదు. బాలుడు ఆంప్లిఫయరు మీది బిరడాను త్రిప్పి ధ్వనిని పెంచెను. అంతట గిటారు పలుకునకు ముందే యొక హోరు బయలుదేరి, తుమ్మెదల గుంపు సభలో జొచ్చినట్లు మ్రోగెను. పిల్లలు నవ్విరి. బాలుడు తల వంచుకొని వేదిక దిగిపోయెను.

మరునా డతడు తండ్రితో గూడ నా యొద్దకు వచ్చెను. “సార్, ఆక్టివ్ పికప్పు వేస్తే సౌండు బలంగ వస్తదంట. ఏది కొనమంటరు?” అని బాలు డడిగెను. తండ్రి పత్తి పండించు రైతు. ఆయన యడిగిన ప్రశ్న వేరు. “సారూ, పత్తి పైసలు జరన్ని ఉన్నయి. గది కొంటె పోరని పాట ఇనబడ్తదా? ఇనబడకుంటె పైసలు పాయె గద” అనెను.

కుమారుని ప్రశ్న వస్తువును గూర్చినది. తండ్రి ప్రశ్న ఫలమును గూర్చినది. రెండవదాని కుత్తరము తెలియక మొదటిదాని కుత్తరము చెప్పరాదు. నాడు వారిద్దరికిని చెప్పిన మాటలనే కొంత క్రమపరచి యిచట వ్రాయుచున్నాను. సంగీతము నేర్వనివారికి సైతము భౌతికశాస్త్ర పాఠముగ నిది యుపయోగపడునని తలంచెదను.

1. బుఱ్ఱ లేని వాద్యము

సన్నని తీగను రెండు మేకుల నడుమ బిగించి మీటిన, దగ్గర నున్నవారికి దక్క నితరులకు వినబడదు. తీగ సన్ననిదగుటచే గాలిని తగినంత కదలింపజాలదు. అందుచేతనే మన పెద్దలు తీగకు తోడుగ నొక బుఱ్ఱను గూర్చిరి. పాలమూరు ప్రాంతమున ప్రసిద్ధమైన పన్నెండుమెట్ల కిన్నెరను చూడుడు. వెదురు దండమునకు ఎండిన సొరకాయ బుఱ్ఱలను కట్టుదురు. తీగ కదలిక దండమునకును, దండమునుండి బుఱ్ఱకును, బుఱ్ఱనుండి గాలికిని చేరును. నాగర్‌కర్నూల్ ప్రాంతపు కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో భారత ప్రభుత్వము పద్మశ్రీ పురస్కారము నిచ్చినది. ఆయన చేతి వాద్యమునకు స్వరమిచ్చినది చేనిగట్టున కాచు సొరకాయయే యని మీరు మరువరాదు.

విద్యుద్గిటారు సాధారణముగ గట్టి కొయ్యపలకతో చేయబడును. దానికి బుఱ్ఱ లేదు. దానిని ఒంటిగ మీటిన, చేరువ గదిలోనివాడు కూడ వినజాలడు. బుఱ్ఱ చేయవలసిన పనిని పికప్పు, ఆంప్లిఫయరు, స్పీకరు అను మూడును కలసి చేయును. వీనిలో మొదటిది తీగ కదలికను విద్యుత్తుగ మార్చును. రెండవది యా విద్యుత్తును వృద్ధిచేయును. మూడవది మరల గాలిలో ధ్వనిగ మార్చును. ఈ మూటిలో నేది బలహీనమైనను పాట బలహీనమగును. కావున ధ్వని చాలనంతమాత్రమున దోషము పికప్పుదేయని నిర్ణయింపరాదు.

2. పికప్పు పనిచేయు రీతి

1831లో మైకేల్ ఫారడే యను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు, తీగచుట్టగుండ పోవు అయస్కాంత బలరేఖలు మారినపు డా చుట్టలో విద్యుత్తు పుట్టునని కనుగొనెను. పికప్పునకు మూలసూత్ర మిదియే. ఒక అయస్కాంతము చుట్టును, తలవెండ్రుకంత సన్నని రాగితీగను వేలకొలది చుట్లు చుట్టుదురు. దానిపైన ఉక్కుతీగ కదలినపుడు బలరేఖలు చలించును. చుట్టలో విద్యుత్తు పుట్టును. తీగ సెకనునకు 110 మారులు కంపించిన, విద్యుత్తును 110 మారు లటునిటు మారును. 1931-32 సంవత్సరములలో అమెరికాలో జార్జి బీచమ్ అనునతడు గుఱ్ఱపు లాడము వంటి అయస్కాంతముతో నిట్టి పికప్పును గిటారునకు కూర్చెను. ఆ సాధనమునకు 1937లో పేటెంటు లభించినది.

ఇందుండి రెండు విషయములు తేలుచున్నవి. మొదటిది, ఇట్టి పికప్పు ఉక్కు, నికెలు వంటి అయస్కాంతమున కాకర్షింపబడు లోహముల తీగలను మాత్రమే వినును. నైలాను తీగకును, ఇత్తడి తీగకును దాని చెవి చెవుడు. రెండవది, చుట్లు పెరిగినకొలది పుట్టు వోల్టేజి పెరుగును. అట్లయిన వేలకు వేలు చుట్లు చుట్టిన కావలసినంత బలము రాదా యని మీ రడుగవచ్చును. వచ్చును, కాని దానివెంట రెండు కీడులు వచ్చును.

3. బలముతో వచ్చు కీడులు

మొదటి కీడు, వాడి తగ్గుట. చుట్లు పెరిగినకొలది చుట్టయొక్క ప్రేరకత పెరుగును. గిటారును ఆంప్లిఫయరుతో కలుపు తీగత్రాటికి మీటరునకు సుమారు 100 పికోఫారడుల విద్యుద్ధారణ కలదు. ప్రేరకతయు ధారణయు కలసి యొక హద్దు నేర్పరచును. ఆ హద్దునకు పైనుండు సన్నని స్వరభాగము లణగిపోవును. లెక్క వేసి చూతము. ప్రేరకత 4.5 హెన్రీలు గల బలమైన పికప్పు నొకదానిని గైకొనుడు. త్రాడు 3 మీటర్లయి, ఇతర ధారణతో కలసి మొత్తము 400 పికోఫారడులైన, హద్దు సుమారు 3,750 హెర్ట్జులగును. త్రాడు 9 మీటర్లయి మొత్తము 1,000 పికోఫారడులైన, హద్దు సుమారు 2,370 హెర్ట్జులకు దిగును. వాద్యము మారలేదు, వాదకుడు మారలేదు. త్రాడు పొడవైనంతమాత్రమున స్వరము మొద్దువారెను.

రెండవ కీడు, హోరు. మన దేశమున ఇండ్లకు వచ్చు విద్యుత్తు సెకనునకు 50 మారు లటునిటు మారును. ట్యూబులైటులు, ట్రాన్స్‌ఫార్మరులు, మోటారులు తమ చుట్టును ఈ అయస్కాంత చలనమును వెదజల్లుచుండును. నల్లగొండ, పాలమూరు పల్లెలలో బోరుబావి మోటారు గల చేలు పెక్కు కలవు. పికప్పు చుట్ట యీ చలనమును సైతము తీగ కదలికవలెనే విద్యుత్తుగ మార్చును. ఏది పాట, ఏది మోటారు అను వివేకము దానికి లేదు. చుట్లు హెచ్చైన హోరును హెచ్చును.

దీనికి 1955లో గిబ్సన్ సంస్థయందలి సెత్ లవర్ అను ఇంజనీరు ఒక చక్కని యుపాయముతో పేటెంటు కోరెను. రెండు చుట్టలను ప్రక్కప్రక్కన నుంచి, వానిని విద్యుత్తు దృష్టిలో ఎదురెదురుగ కలిపి, అయస్కాంత ధ్రువములను గూడ ఎదురెదురుగ నుంచెను. బయటినుండి వచ్చు హోరు రెండు చుట్టలలోను సమానముగ పుట్టి, యొకదాని నొకటి కొట్టివేయును. తీగ పలుకు మాత్రము, ధ్రువములును తారుమారైనందున, రెండును కూడి రెట్టించును. దీనినే హంబకరు అందురు. ఇది హోరును చాలవరకు పోగొట్టెను. కాని రెండు చుట్టల ప్రేరకతయు కూడుటచే మొదటి కీడు మిగిలియే యుండెను.

4. సక్రియ పికప్పు

ఇంతవరకు చెప్పినవి నిష్క్రియములు; అనగా తీగ యిచ్చిన శక్తితోనే పనిచేయునవి. 1976లో అమెరికాలో రాబ్ టర్నర్ స్థాపించిన ఈ.ఎం.జి. సంస్థ వేరొక మార్గమును వ్యాపింపజేసినది. చుట్లు తక్కువగ చుట్టుదురు. అందుచే పుట్టు విద్యుత్తు బలహీనమైనను, స్వచ్ఛమై వాడిగ నుండును. పికప్పు పెట్టెలోనే యొక చిన్న వర్ధకము నమర్చి, 9 వోల్టుల బ్యాటరీతో దానిని నడపి, ఆ విద్యుత్తును వృద్ధిచేసి బయటకు పంపుదురు. ఇదియే సక్రియ పికప్పు, అనగా మన బాలుడు చెప్పిన ఆక్టివ్ పికప్పు.

దీని లాభములు మూడు. ఒకటి, చుట్టకును త్రాటికిని నడుమ వర్ధకము నిలుచుటచే, త్రాడు పొడవైనను స్వరపు వాడి యంతగ తగ్గదు. రెండు, హోరు మిక్కిలి తక్కువ. మూడు, ఆంప్లిఫయరునకు చేరు వోల్టేజి హెచ్చు. ఆంప్లిఫయరు తన హద్దును మించిన వోల్టేజిని మోయలేక తరంగముయొక్క శిఖరములను కత్తిరించును. అప్పుడు పుట్టు గరగర ధ్వనియే నేటి పాశ్చాత్య మెటల్ సంగీతమున కోరబడు స్వరము. మెటాలికా యను అమెరికా బృందమువారి గిటారులలో 1980ల నుండి ఈ పికప్పులు ప్రసిద్ధికెక్కెను. ఆ బృందము 2011 అక్టోబరు 30న బెంగుళూరులో వాయించినది.

నష్టములను గూడ చెప్పవలెను. బ్యాటరీ యయిపోయిన వాద్యము మూగవోవును. 9 వోల్టులతో నడచు వర్ధకము తన బ్యాటరీకి మించిన వోల్టేజి నియ్యజాలదు. మిక్కిలి గట్టిగ మీటిన, పికప్పులోనే శిఖరములు తెగవచ్చును. అందుచే కొందరు రెండు బ్యాటరీలతో 18 వోల్టు లిచ్చెదరు. మరియు, మెల్లగ మీటుటకును గట్టిగ మీటుటకును గల భేదము నిష్క్రియ పికప్పునందువలె స్పష్టముగ నుండదని చెప్పు వాదకులు కలరు. ఇది రుచిభేదము, తర్కముతో తీరదు, చెవితో తీరవలెను.

5. ఎంచుకొనునపుడు చూడవలసినవి

స్థానము: మెట్టు నొద్ద, అనగా తీగ కొయ్యపలకపై కట్టబడు చోట, తీగ తక్కువగ కదలును, స్వరము సన్నముగ, వాడిగ నుండును. మెడ నొద్ద హెచ్చుగ కదలును; స్వరము గుండ్రముగ, నిండుగ నుండును. కావున బలమైన పికప్పును మెట్టు నొద్ద నుంచుట పరిపాటి. ఈ.ఎం.జి. వారి 81 సంఖ్య గల పికప్పులో సిరామిక్ అయస్కాంత ముండును. దానిని మెట్టు నొద్ద నుంతురు. 85 సంఖ్యదానిలో ఆల్నికో అయస్కాంత ముండును; మృదువైన స్వరము కోరువారు దానిని మెడ నొద్ద నుంతురు.

బిరడాలు: నిష్క్రియ పికప్పులకు 250 లేక 500 కిలోఓముల బిరడాలు వాడుదురు, సక్రియములకు 25 కిలోఓములవి. ఒకదానివి వేరొకదానికి పనికిరావు. 25 కిలోఓముల బిరడాను నిష్క్రియ పికప్పునకు తగిలించిన స్వరము చచ్చిపోవును. కావున పికప్పుతో బిరడాలను గూడ మార్చవలెనని గ్రహించి వెల లెక్కింపవలెను.

చోటు: బ్యాటరీ పట్టు చోటు గిటారు వెనుక గుంటలో కలదో లేదో కొనకముందే కొలిచి చూడవలెను. లేనిచో కొయ్యను తొలువవలసి వచ్చును. తొలిచిన కొయ్య తిరిగి పూడదు.

ఎత్తు: నిష్క్రియ పికప్పునందలి బలమైన అయస్కాంతమును తీగకు మిక్కిలి చేరువగ నుంచిన, అది తీగను లాగి స్వరమును చెడగొట్టును. మిక్కిలి దూరమైన ధ్వని క్షీణించును. రెండు మరలను త్రిప్పుటచే నీ యెత్తు మారును. దీనికి వెల లేదు. పికప్పు మార్చకముందు ప్రతివాడు చేయవలసిన పని యిది.

6. బ్యాటరీ లెక్క

ఒక సక్రియ పికప్పు సుమారు 80 మైక్రోఆంపియరుల విద్యుత్తును త్రాగును. రెండు పికప్పులకు 160 మైక్రోఆంపియరులు, అనగా 0.16 మిల్లీఆంపియరు. బ్యాటరీ సామర్థ్యము 500 మిల్లీఆంపియరు గంటలనుకొనిన, 500ను 0.16తో భాగింప 3,125 గంటలు వచ్చును. దినమునకు రెండు గంటలు వాయించువానికి ఆ బ్యాటరీ తానై పాతబడువరకు వచ్చును. కాని యిట నొక కిటుకు కలదు. త్రాటి ప్లగ్గును గిటారులో దూర్చినపుడే బ్యాటరీ కలియును, తీసినపుడే విడిపోవును. వాయించుట మాని ప్లగ్గు నట్లే వదలిన, వాద్యము గోడకు చేరబడి యున్నను బ్యాటరీ యఱుగుచునే యుండును. 3,125 గంటలనగా 130 దినములు మాత్రమే.

7. ప్రాణముకంటె పాట గొప్పది కాదు

ఈ భాగమును తల్లిదండ్రులు తప్పక చదువవలెను. సాధారణ గిటారులో హోరు తగ్గుటకై తీగల నన్నిటిని ఒక తంతితో ఆంప్లిఫయరు పెట్టెకు కలుపుదురు. ఆ పెట్టె, గోడయందలి మూడవ రంధ్రముద్వారా భూమికి, అనగా ఎర్తునకు, కలియవలెను. మన గ్రామములలో ననేక చోట్ల మూడవ రంధ్రము పేరునకే యుండును. దాని వెనుక తీగ యుండదు. కొంద రా మూడవ మేకును విఱిచి రెండు రంధ్రముల పలకలో దూర్తురు. అట్టిచో ఆంప్లిఫయరులో దోషము కలిగినపుడు విద్యుత్తు పెట్టెనుండి గిటారు తీగలకు వచ్చి నిలుచును. వాదకుని వ్రేళ్లు తీగలపై నుండును. పెదవి మైకునకు తగులును. ఆ రెంటినడుమ దారి యతని గుండెగుండ పోవును. 1972 మే నెలలో ఇంగ్లాండునకు ప్రక్కనున్న వేల్సు దేశమున, స్వాన్సీ పట్టణమున, లెస్ హార్వీ యను గిటారు వాదకుడు వేదికపై మైకును తాకి యీ విధముననే మరణించెను.

ఈ.ఎం.జి. సక్రియ పికప్పులకు తీగలను ఎర్తునకు కలుపు తంతితో పని లేదు. దీనివలన నపాయము తగ్గును. తగ్గునని యంటినేగాని పోవునని యనలేదు. త్రాటి ప్లగ్గు మొదలగు లోహభాగము లింకను పెట్టెతో కలిసియే యుండును. కావున ఏ పికప్పు వాడినను మంచి ఎర్తింగును, 30 మిల్లీఆంపియరుల విద్యుత్తు తప్పిపోయినను సరఫరాను త్రుంచు రక్షణ స్విచ్చును ఉండవలెను. తడిచేతులతోను, తడిసిన వేదికపైనను వాద్యమును ముట్టరాదు.

చెవులను గూర్చి యొక మాట. 85 డెసిబెలుల ధ్వనిని దినమునకు 8 గంటలు వినుట హద్దని ఆరోగ్యశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ప్రతి 3 డెసిబెలులకును ఆ కాలము సగమగును. 100 డెసిబెలులైన 15 నిమిషములే. పోయిన వినికిడి తిరిగి రాదు.

8. ఏ తీగకు ఏ చెవి

బలమైన ధ్వని కోరుట పాశ్చాత్యులకే చెల్లునని తలంపకుడు. పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, మాండొలిన్‌పై కర్ణాటక సంగీతమును వాయింప బూనెను. మాండొలిన్ స్వరము మీటిన వెంటనే క్షీణించును. మన గమకములకు స్వరము నిలువవలెను. అందుచే నాయన విద్యున్మాండొలిన్‌ను గైకొని, జంటతీగలను విడచి ఐదు ఒంటితీగలతో వాయించెను. 1978లో గుడివాడలో తొలి కచేరి చేసిన యా బాలుడు 1998లో పద్మశ్రీ యయ్యెను, 2014లో గతించెను. ఆయన పికప్పును కోరినది సభను బెదరించుటకు గాదు, గమకము తుదివరకు వినబడుటకు. బల మెందులకని మొదట తెలిసికొనినవాడే సరియైన సాధనము నెంచుకొనగలడు.

మరి కిన్నెరకు బలము కావలసిన నేమి చేయవలెను? అయస్కాంతపు పికప్పు ఉక్కుతీగను వినునేగాని బుఱ్ఱను వినదు. బుఱ్ఱ స్వరము లేని కిన్నెర కిన్నెర గాదు. అట్టి వాద్యమునకు బుఱ్ఱ యెదుట మైకు నుంచుటయో, కొయ్యకు అంటించు స్పర్శ పికప్పును వాడుటయో తగును. స్పర్శ పికప్పు, 1880లో క్యూరీ సోదరులు కనుగొనిన సూత్రముననుసరించి, ఒత్తిడిచే స్ఫటికములలో పుట్టు విద్యుత్తును గ్రహించును. దానికిని చేరువలో నొక వర్ధకము మేలు చేయును.

9. బాలుని సంగతి

నే నా తండ్రీకొడుకులతో, “కొనుటకు ముందు వెదుకుదము” అంటిని. ఆ సాయంకాలము మువ్వురము సభాశాలకు పోయితిమి. వెదుకగ మూడు దోషములు కనబడెను. సభాశాల గోడయందలి మూడవ రంధ్రము వెనుక ఎర్తు తీగ లేదు. గిటారు త్రాడు 9 మీటర్ల పొడవు గలది. దాని ప్లగ్గు నొద్ద రక్షణజాలము తెగియున్నది. పికప్పు మరలు సడలి అది తీగలకు దూరముగ క్రుంగియున్నది. పాఠశాలవారు ఎర్తింగు పనిని వారము దినములలో చేయించిరి. బాలుడు 3 మీటర్ల త్రాడు కొనెను. పికప్పును నేనే యొక మరతిప్పుతో పైకెత్తితిని.

తరువాత బాలుడు మరల వాయించెను. సభాశాల తుది వరుసలో తండ్రి కూర్చుండెను. హోరు చాలవరకు పోయినది. ప్రతి స్వరమును తుదివరుసకు వచ్చినది. ఆయన లేచి వచ్చి, “ఇప్పుడు ఇనబడ్తున్నది సారూ” అనెను. పిదప కుమారునివైపు తిరిగి, “గా ఇంకోటి కొనుడు నువ్వు ఇంకింత నేర్చుకున్నంక చూద్దం. పైసలు యాడికి పోవు” అనెను.

గరగర స్వరము కోరు పాటలనే యా బాలుడు మున్ముందును వాయింపదలచిన, సక్రియ పికప్పు కొనుట తగిన పనియే. ఆనాటికి దేనిని, ఎందులకు కొనుచున్నాడో యతనికి తెలిసియుండును. నిండుకుండ తొణకదన్నట్లు, తెలిసి కొనిన వస్తువు గొప్పలు పలుకదు, పని చేయును.

అభ్యాసము

1. ప్రేరకత 2.4 హెన్రీలు, ధారణ 700 పికోఫారడులైన హద్దు ఎన్ని హెర్ట్జులు? (సుమారు 3,880 రావలెను.)
2. ఒకే సక్రియ పికప్పు గల గిటారు ప్లగ్గు తీయక వదలిన, 500 మిల్లీఆంపియరు గంటల బ్యాటరీ ఎన్ని దినములు వచ్చును?
3. మీ ఇంటి గోడయందలి మూడవ రంధ్రమునకు ఎర్తు తీగ కలదా? మీరు విప్పి చూడక, పనివానిచేత పరీక్ష చేయించి, ఫలమును తరగతిలో చెప్పుడు.